సముద్రానికి చలవ చేసిన వేసవి

నా రిటైర్మెంటు సభలో ఒక డాక్టరుగారు మైకు పట్టుకుని, "ఈయన సర్వీసు మొత్తం మీద వేడికి పాడైన టీకా సీసా ఒక్కటి కూడా లేదు" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను శాలువా సర్దుకుంటూ తల దించుకున్నాను. వినయం అనుకున్నారు. ఆ క్షణాన నాకు గుర్తొచ్చింది బాపట్లలో ఒక ఇంటి ముందుగది, అందులో ఒక గాజు తొట్టె, దాని పక్కన నీళ్ళ క్యాను పట్టుకుని నిలబడిన ఒక పెద్దాయన. టీకాలు పాడు చేయలేదు, నిజమే. నేను చేసిన పాడు వేరే ఉంది. అది ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు చదివితే మంచిది. చదివి నన్ను తిట్టుకున్నా మంచిదే.

నేను ఆరోగ్యశాఖలో రిఫ్రిజిరేటర్ మెకానిక్‌గా పనిచేశాను. కాపురం తెనాలి. అక్కణ్ణుంచి బాపట్ల, రేపల్లె దాకా ఆసుపత్రుల్లో టీకామందులు దాచే ఫ్రిజ్‌లన్నీ నా బాధ్యత. లోపల వేడి రెండు డిగ్రీలకు తగ్గకూడదు, ఎనిమిది దాటకూడదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి థర్మామీటరు చూసి కాగితం మీద రాయాలి. ఇలాంటి ఉద్యోగం చాలాకాలం చేసినవాడికి ఒక జబ్బు పట్టుకుంటుంది. లోకంలో ఏ చిక్కునైనా డిగ్రీల్లో కొలవొచ్చనుకుంటాడు. నాకు ఆ జబ్బు బాగా ముదిరింది.

మా జీపు డ్రైవరు నాకంటే పదేళ్ళు పెద్ద. నన్ను 'అల్లుడూ' అని పిలిచేవాడు. అది ఏ వరసో ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు. రెండు వేల నాలుగో, అయిదో, సరిగ్గా గుర్తులేదు, ఏప్రిల్ నెల. పోలియో చుక్కల ఆదివారం అయిపోయిన మర్నాడు మేమిద్దరం బాపట్ల ఆసుపత్రిలో ఐసు ప్యాకులు సర్దుతున్నాం. యాభై దాటిన ఒకావిడ నూలుచీర కట్టుకుని, చేతిలో ప్లాస్టిక్ బుట్టతో వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"మిగిలిపోయిన ఐసు ఏమన్నా ఉంటే ఇస్తారాండీ?"

"ఎవరికండీ, జ్వరమా?"

"జ్వరమేనండి. మనిషికి కాదు, ఒక పువ్వుకి. చేపల్ని తినే పువ్వు."

డ్రైవరు నా చెవి దగ్గరకొచ్చి, "అల్లుడూ, ముందు ఆవిడ నెత్తిన పెట్టు ఐసు" అన్నాడు.

ఆవిడ కాలేజీలో జువాలజీ లెక్చరర్. ఒంటరిగా ఉంటారు. ఆసుపత్రిలో అందరూ మేడమ్ గారనే అంటారు. ఇస్తానన్న ఐసు పట్టుకుని, ఆ పువ్వేదో చూద్దామని నేనే ఆవిడ వెంట వెళ్ళాను.

ముందుగదిలో నాలుగడుగుల గాజు తొట్టె. అందులో ఉన్నది చెరువు నీళ్ళు కాదు, సముద్రపు నీళ్ళు. సముద్రానికి కూతవేటు దూరంలో పుట్టి పెరిగినవాణ్ణి, సముద్రంలో బతికేవాటిని పులుసులో తప్ప చూసినవాణ్ణి కాదు. రాళ్ళ మీద విసనకర్రల్లా విచ్చుకున్న పురుగులు, మీసాలు ఊపుతున్న ఎర్ర గీతల రొయ్యలు, మధ్యలో పళ్ళెమంత వెడల్పున వందల వేళ్ళు కదిలిస్తున్న ఒక జీవి. అదే ఆవిడ చెప్పిన పువ్వు. దాని వేళ్ళ మధ్య దూరుతూ, బయటికొస్తూ నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న రెండు చేపలు.

"పువ్వు మిగతా చేపల్ని కుట్టి తినేస్తుందండి. ఈ రెంటినీ మాత్రం ఏమీ అనదు. ఇవి దాన్ని కాపలా కాస్తాయి, అది వీటిని దాచిపెడుతుంది. మద్రాసు నుంచి సంచీలో పెట్టుకుని, రైల్లో ఒళ్ళో కూచోబెట్టుకుని తెచ్చానండి" అన్నారు మేడమ్ గారు. తొమ్మిదేళ్ళుగా వాటి గురించి రోజూ నోటు పుస్తకంలో రాసుకుంటున్నారు. ఆ పుస్తకాల దొంతర తొట్టె పక్కనే ఉంది.

తొట్టెలో థర్మామీటరు ముప్ఫై మూడు చూపిస్తోంది. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది మధ్య ఉండాలట. మనకి అయిదారు డిగ్రీలంటే దుప్పటి తీసేసి పడుకోవడం. వాటికి అది ప్రాణం మీదికొచ్చే జ్వరం. నీళ్ళు వేడెక్కే కొద్దీ అందులో ఊపిరి తగ్గిపోతుంది. తొట్టె నీళ్ళు చల్లబరిచే మిషను విదేశాల నుంచి మద్రాసుకి వస్తుందట గానీ, ఆవిడ జీతానికి అందేది కాదు. అందినా మధ్యాహ్నం పూట కరెంటు ఉంటేగా.

"ఆదివారాలు వస్తానండీ. నా వృత్తే చల్లబరచడం. ఏదో ఒకటి చేద్దాం" అన్నాను. ఎవరూ నన్ను అడగలేదు. నా అంతట నేనే అన్నాను.

అలా ఆ వేసవి ఆదివారాలన్నీ బాపట్ల ప్యాసింజర్లో గడిచిపోయాయి. ఆ ఇంట్లో నాకు తోడు పనిచేసింది కాలేజీ ల్యాబు అటెండరు. రిటైర్మెంటుకి దగ్గరపడిన మనిషి. తొట్టెకి నీళ్ళు తెచ్చేది ఆయనే. తెల్లారగానే మోపెడ్డుకి రెండు క్యాన్లు కట్టుకుని సూర్యలంక వెళ్ళి, గుండెల్లోతు దాకా నడిచి, అలలు విరిగే చోటు దాటి, అక్కడ మాత్రమే క్యాను ముంచేవాడు. ఒడ్డు దగ్గర నీళ్ళలో ఇసక ఉంటుంది. కాలవ సముద్రంలో కలిసే మొగ దగ్గర రొయ్యల చెరువుల నీళ్ళు కలుస్తాయి. "పైసా ఖర్చు లేని నీళ్ళు గానీ, ఎక్కడ బడితే అక్కడ దొరికేవి కాదండి సార్" అనేవాడు. మేడమ్ గారు ఆయన్ని 'బాబాయ్' అని, 'నువ్వు' అని పిలిచేవారు. పదిహేనేళ్ళుగా ఆ పిలుపే.

మొదట తేలికైన పనులు చేశాం. తొట్టె మీది మూత తీసేసి దోమతెర కట్టాం. పడమటి కిటికీ నుంచి తొట్టెను జరిపాం. మధ్యాహ్నం దీపాలు ఆర్పేశాం. నీళ్ళ మీదికి గాలి కొట్టేలా చిన్న ఫ్యాను పెడితే రెండు డిగ్రీలు తగ్గింది. అయితే గాలికి ఎగిరిపోయేది నీళ్ళే, ఉప్పు అడుగునే ఉంటుంది. రోజూ తగ్గినంత మేర మంచినీళ్ళు కలపకపోతే ఉప్పు ముదిరిపోతుంది. ఈ సంగతి మేడమ్ గారు చెప్తేనే నాకు తెలిసింది. కిటికీకి వట్టివేళ్ళ తడక కట్టి తడిపితే గది చల్లబడింది గానీ, తొట్టె చల్లబడలేదు. గదిలో చెమ్మ పెరిగితే తొట్టెలో నీళ్ళు ఆరవు. ఆరకపోతే చల్లబడవు. సముద్రపు గాలి ఉన్న ఊళ్ళో తడకని నమ్ముకోవడం తప్పని ఒక ఆదివారం ఖర్చుపెట్టి తెలుసుకున్నాను.

తర్వాత ఐసు సీసాలు. కాచి చల్లార్చిన నీళ్ళు ప్లాస్టిక్ సీసాల్లో గడ్డకట్టించి తొట్టెలో వదిలాం. వేడి గబుక్కున దిగింది, సీసా కరగ్గానే గబుక్కున ఎక్కింది. ఆ ఎగుడుదిగుడు కంటే నిలకడగా ఉన్న వేడే నయమని తేలింది. మేడమ్ గారి ఫ్రిజ్ నిండా సీసాలే, పెరుగు గిన్నెకి చోటు లేదు. మా డ్రైవరు ఒకసారి వచ్చి చూసి, "చేపలకి ఏసీ, మేడమ్ గారికి పులిసిన మజ్జిగ" అన్నాడు. ఆవిడ పగలబడి నవ్వారు.

అటెండరు గారికి ఒక ఆలోచన వచ్చింది. ఆయన తల్లి ఎండాకాలం పెరుగుకుండని తడి ఇసకలో పాతిపెట్టేదట. పెరట్లో నీడ పట్టున పెద్ద మట్టి గోలెం పెట్టి, ఇసక నింపి తడిపాడు. అందులో సన్నటి ప్లాస్టిక్ పైపు చుట్టలు చుట్టలుగా పాతిపెట్టాడు. చిన్న మోటారు తొట్టెలో నీళ్ళని ఆ పైపులోకి తోస్తుంది. అవి చల్లటి ఇసకలో తిరిగి తొట్టెలోకి వస్తాయి. మోటారుకి ఇన్వర్టరు తగిలించాం. మూడు రోజులు చూస్తే థర్మామీటరు ఇరవై తొమ్మిది దగ్గర కదలకుండా నిలబడింది.

ఆ వారంలోనే ఆ జంట గుడ్లు పెట్టింది. పువ్వు మొదలు దగ్గర, రాతి మీద, అగ్గిపుల్ల తలల్లాంటి నారింజ గుడ్లు. మగ చేప రెక్కలతో వాటికి విసురుతూ పక్కన్నుంచి కదలడం లేదు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి. మేడమ్ గారు నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళినంత పని చేసి చూపించారు. "పొదిగి పిల్లలు బయటికొస్తే మా డిగ్రీ పిల్లల్ని పిలిచి చూపిస్తానండి. పుస్తకంలో బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్నారు గానీ, వాళ్ళలో ఒక్కరు కూడా సముద్రంలో ప్రాణం పుట్టడం చూళ్ళేదు" అన్నారు.

నేను థర్మామీటరు వైపు చూశాను. "ఇంకో రెండు డిగ్రీలు దింపుదామండి."

"ఇరవై తొమ్మిది చాలండి. నిలకడగా ఉంది గదా. ఇప్పుడు కదిలించడం ఎందుకు?"

"కదిలించేదేం లేదండి. ప్లాస్టిక్ పైపులోంచి వేడి సరిగ్గా బయటికి పోదు. అదే చోట రాగి పైపు పెడితే చాలు."

ఇక్కడ నా మనసులో ఉన్నది దాచకుండా చెప్పాలి. రెండు డిగ్రీలు కాదు నన్ను నిద్ర పోనివ్వనిది. నేను చదివి, శిక్షణ పొంది, ఇరవై ఏళ్ళు చేసిన పని ఇది. ఆ ఇంట్లో నేను పెట్టినవన్నీ సగంలో ఆగిపోయాయి. ల్యాబు అటెండరు వాళ్ళమ్మ పెరుగుకుండ గెలిచింది. అది నాకు కొరుకుడు పడలేదు.

తర్వాతి ఆదివారం తెనాలి నుంచి రాగి పైపు తీసుకొచ్చాను. ఫ్రిజ్ పనివాడికి రాగి దైవంతో సమానం. వసారాలో కూచుని దాన్ని గుండ్రంగా చుడుతున్నాను. మేడమ్ గారు వంటింట్లో ఉన్నారు. అటెండరు గారు నా పక్కన గొంతుక్కూచున్నాడు.

"సార్, ఉప్పునీళ్ళు గదండీ. రాగికి చిలుం పట్టదా?"

"ఏంటి?"

"కళాయి లేని గిన్నెలో పులుసు కాస్తే చిలుమెక్కుతుంది గదండీ, అదే."

"అది వంట గిన్నె. ఇది ఫ్రిజ్‌లో వాడే రాగి" అన్నాను.

ఆ రెండు రాగులకి తేడా ఏంటో నాకూ తెలీదు. ఆయన లేచి గోలెంలో ఇసక తవ్వి ప్లాస్టిక్ పైపు తీశాడు. ఆయన పెట్టిన దాన్ని ఆయన చేతే తీయించాను.

సాయంత్రానికి థర్మామీటరు ఇరవై ఏడుకి దిగింది. మేడమ్ గారు పుస్తకంలో రాసుకుని, "అంతా మీ చలవేనండీ" అన్నారు. నిజంగానే చల్లబరిచాను గదా అని నేనూ నవ్వాను. ఆ రాత్రి రైల్లో తెనాలి వెళ్తూ, నా సర్వీసులో ఇంత సంతోషపడిన రోజు లేదనుకున్నాను.

బుధవారం విసనకర్ర పురుగులు లోపలికి ముడుచుకున్నాయట. శుక్రవారం గాజుకి అంటుకుని ఉండే నత్తలు రాలి పడ్డాయట. ఆసుపత్రికి ఫోను చేస్తే నేను రేపల్లె వైపు పనిలో ఉన్నాను. ఆదివారం నేను వెళ్ళేసరికి రొయ్యలు లేవు. పువ్వు పిండిన గుడ్డలా ముడుచుకుని, నోరు తెరుచుకుని రాయి మీద నుంచి జారిపోయింది. నీళ్ళు పులిసిన కలి నీళ్ళలా మసకగా ఉన్నాయి, గదంతా నీచు వాసన. గుడ్లు తెల్లబడి రాలిపోయాయి. చేపలు రెండూ బతికే ఉన్నాయి. పువ్వు ఉండే చోట, ఏమీ లేని రాతి మీద, పక్కపక్కన ఆడుతూ ఉన్నాయి.

మేడమ్ గారు ఏడవలేదు. రెండు రోజులుగా నిద్ర లేని మొహం. అటెండరు గారు ఆ పొద్దున తెచ్చిన క్యాను ఇంకా కింద పెట్టలేదు.

"బాబాయ్, పోయిన ఆదివారం నీళ్ళు ఎక్కడ పట్టావు?"

"ఎప్పుడూ పట్టే చోటేనమ్మా."

"మొగ దగ్గర కాదు గదా?"

"కాదమ్మా. లోపలికెళ్ళే పట్టాను."

"నిజం చెప్పు. ఈమధ్య మోకాళ్ళు నొప్పులంటున్నావు. వెళ్ళలేక దగ్గర్లోనే పట్టేశావేమో. నేనేమీ అనను, నిజం చెప్పు చాలు."

"నిజమేనమ్మా చెప్తున్నాను."

ఆవిడ నా వైపు తిరిగారు. "మీరేమంటారండీ? నీళ్ళలోనే ఏదన్నా కలిసుంటుందా?"

నేను అప్పుడు తొట్టె అంచు దగ్గర ఉన్నాను. పెరట్లోంచి వచ్చిన రాగి పైపు కొస ప్లాస్టిక్ గొట్టంలో కలిసే చోట, గోరంత మేర, ఆకుపచ్చ గీత. నా కళ్ళతో నేను చూశాను. ఆ గీతకి అర్థం ఆ క్షణంలో నాకు తెలుసా, తెలీదా? ఇన్నేళ్ళుగా నా తరఫున నేనే వకీలునై వాదించుకుంటూ వచ్చాను. కచ్చితంగా తెలీదు, అనుమానం మాత్రమే, చదువుకున్నావిడకే తట్టనిది నాకేం తట్టింది అని. ఏ వాదనా నిలబడదు. ఎందుకంటే ఆ గీత కనపడగానే నేను చేసిన మొదటి పని, దానికీ ఆవిడకీ అడ్డంగా జరిగి నిలబడడం.

"అయ్యుండొచ్చండి" అన్నాను.

అటెండరు గారు నా మొహంలోకి చూశాడు. రెండు క్షణాలు చూశాడేమో. క్యాను మెల్లిగా గోడవారకి పెట్టాడు.

"మీరు ఇంక వెళ్ళండి" అన్నారు మేడమ్ గారు ఆయనతో. ఆయన చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

శుభ్రం చేయాలని చెప్పి నేను రాగి చుట్టని విప్పి సంచీలో వేసుకుని తెనాలి తీసుకుపోయాను. ఇంట్లో చింతపండు పెట్టి తోమాను. పచ్చటి నీళ్ళు తూములోకి పోయాయి.

అనుమానం తీరడానికి రెండు నెలలు పట్టింది. నిజాంపట్నం వైపు ఒక ఆసుపత్రిలో పనిచూసుకుని వస్తూ, డ్రైవరు తన బావమరిది ఉద్యోగం చేసే రొయ్యపిల్లల కేంద్రం దగ్గర జీపు ఆపాడు. ఎక్కడ చూసినా ప్లాస్టిక్ పైపులు, ప్లాస్టిక్ కుళాయిలు. "ఇత్తడి కుళాయి ఒక్కటి కూడా లేదేంటండీ?" అన్నాను, జవాబు ముందే తెలిసినవాడిలాగా.

"అమ్మో, ఇత్తడా? రాగి కలిసిందేదీ ఉప్పునీటికి తగలనివ్వమండి. చేపలు కొంత తట్టుకుంటాయేమో గానీ, రొయ్యపిల్లలు ఒక్కటి మిగలవు" అన్నాడు ఆ బావమరిది.

తిరుగు ప్రయాణంలో డ్రైవరుకి జరిగిందంతా చెప్పాను. ఆయన జీపు నడుపుతూనే, "బాపట్ల మీదుగా పోనివ్వనా అల్లుడూ?" అన్నాడు. "ఇవాళ వద్దు" అన్నాను. ఆ 'ఇవాళ వద్దు' మూడేళ్ళు సాగింది. బాపట్ల వెళ్ళినప్పుడల్లా ఆ వీధి తప్పించుకుని వెళ్ళేవాణ్ణి. మేడమ్ గారు చేపల్ని విశాఖలో ఎవరికో ఇచ్చేసి తొట్టె ఎత్తేశారని ఆసుపత్రిలో విన్నాను. అటెండరు మళ్ళీ ఆ గడప తొక్కలేదని, రిటైరై రేపల్లె దగ్గర సొంత ఊరికి వెళ్ళిపోయాడని కూడా విన్నాను. డ్రైవరు మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఎత్తకపోవడమే ఆయన వేసిన శిక్ష అనుకుంటాను.

మూడేళ్ళ తర్వాత ఒక ఉదయం రేపల్లె ఆసుపత్రిలో పని చేస్తుంటే, చీటీల వరసలోంచి ఒక పెద్దాయన నన్ను చూసి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. "బాగున్నారా సార్? మేడమ్ గారు బాగున్నారాండీ? ఇప్పుడు నీళ్ళు ఎవరు తెస్తన్నారు?"

తొట్టె ఎత్తేశారని కూడా ఆయనకి తెలీదు. నేను స్క్రూడ్రైవర్ పక్కన పెట్టేశాను. ఆయన్ని బయటికి తీసుకెళ్ళి, ఆసుపత్రి ఎదురుగా టీ కొట్టు బల్ల మీద కూచోబెట్టి, మొదటి నుంచి చెప్పాను. రాగి, చిలుము, ఆకుపచ్చ గీత, అడ్డం నిలబడ్డం, రొయ్యపిల్లల కేంద్రంలో విన్నది, అన్నీ.

ఆయన టీ పూర్తిగా తాగి గ్లాసు పక్కన పెట్టాడు. "తెలుసండి" అన్నాడు.

"తెలుసా?"

"ఆ రోజు మీరు అడ్డం జరిగినప్పుడే చూశానండి."

"మరి చెప్పలేదేం?"

"ముందు చెప్పాను గదండీ వసారాలో. తర్వాత చెప్తే, తప్పు తప్పించుకోడానికి సారు మీదికి తోస్తన్నాడనుకుంటారు. మీరు ఆఫీసరు గారు. నేను క్యాన్లు మోసేవాణ్ణి." కాసేపు రోడ్డు వైపు చూశాడు. "పువ్వు పోయినందుక్కాదండి బాధ. పదిహేనేళ్ళు 'నువ్వు' అన్న మనిషి ఆ రోజు 'మీరు' అన్నారండి. ఇంటికెళ్ళాక మా ఆవిడకి చెప్తే, మర్యాద పెరిగిందిగా మంచిదే అంది. దానికి అర్థం కాలేదు."

"మేడమ్ గారికి చెప్పమంటారా?" అన్నాను.

ఆయన నన్ను వింతగా చూశాడు. "అది నన్నడుగుతారేంటండీ?"

ఆ మధ్యాహ్నమే బాపట్ల బస్సెక్కాను. అదే ముందుగది. గాజు తొట్టె పొడిగా ఉంది, అందులో జవాబు పత్రాల కట్టలు సర్ది ఉన్నాయి. మేడమ్ గారు కుర్చీ చూపించారు. నేను కూచోకుండానే చెప్పాను. ఎలా మొదలుపెట్టాలా అని బస్సులో అల్లుకున్న మాటలేవీ రాలేదు.

 "మీకు తెలిసి ఎన్నాళ్ళయింది?" అన్నారు ఆవిడ.

"మూడేళ్ళండి."

"మీకు తెలీదనే అనుకుందాం మొదటి రోజున. మరి నాకేమైంది? నత్తల్ని చంపడానికి మైలుతుత్తం వాడతారని ఏటేటా పాఠం చెప్పేదాన్ని నేను. మైలుతుత్తమంటే రాగే కదా. మీరు తెచ్చిన పైపు నా కళ్ళ ముందే తొట్టెకి తగిలించారు. నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. తట్టిందల్లా ఆయన మోకాళ్ళ నొప్పులు." ఆవిడ గోడవార, క్యాను పెట్టే చోటు వైపు చూశారు. "తొమ్మిదేళ్ళు తెచ్చిన నీళ్ళండీ. ఒక్కనాడు తేడా రాలేదు. అయినా అనుమానించడానికి నాకు నిమిషం కూడా పట్టలేదు."

నేను ఏదో ఓదార్పుగా అనబోయాను. ఆవిడ చెయ్యెత్తి ఆపారు. "ఆయన ఊరు మీకు తెలుసుగా. రేపు తీసుకెళ్ళండి."

మర్నాడు రేపల్లె బస్టాండులో కలిసి, ఆటోలో ఆ ఊరికి వెళ్ళాం. ఇల్లు చూపించాను. "మీరు ఇక్కడే ఉండండి" అన్నారు. వీధి మలుపులో ఒక కిళ్ళీకొట్టు బల్ల మీద కూచున్నాను. గంట పైన పట్టింది. ఆ గంటలో నాకు వినపడిందల్లా ఆ ఇంట్లోంచి ఒకసారి ఆడ గొంతు ఏడుపు, అది ఎవరిదో తెలీలేదు, తర్వాత గిన్నెల చప్పుడు. ఆవిడ బయటికొచ్చినప్పుడు ఆయన గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. నా వైపు చూసి ఎప్పటిలాగే దణ్ణం పెట్టాడు. నేను దగ్గరికి వెళ్ళలేకపోయాను.

లోపల ఏం జరిగిందో మేడమ్ గారు చెప్పలేదు. నేను అడగలేదు. అడిగే చోటు నేనే పోగొట్టుకున్నాను. తొట్టె మళ్ళీ పెడతారేమోనని మాత్రం ఆటోలో ఒకసారి అడిగాను. "ఆయన ఇంక నీళ్ళలో దిగలేరండీ. వేరేవాళ్ళు తెచ్చిన నీళ్ళతో నాకొద్దు" అన్నారు.

పిల్లలూ, ఈ పనిలో తప్పులు జరుగుతాయి. గ్యాసు కారుతుంది, మోటారు కాలుతుంది, మీ అంచనా తలకిందులవుతుంది. వాటికి కాగితాలున్నాయి, సంజాయిషీలున్నాయి, పైవాళ్ళ చివాట్లున్నాయి, అన్నీ దాటిపోతాయి. పక్కన మనకంటే చిన్న ఉద్యోగం చేసే మనిషి ఉన్నప్పుడు జాగ్రత్త. తప్పు మన చేతిలోంచి జారి, ఎవరూ తోయకుండానే ఆయన మీద పడుతుంది. మనం చేయాల్సిందల్లా నోరు మూసుకోవడమే. అంత సులువైన పాపం ఇంకోటి లేదు. నేను నోరు కూడా మూసుకోలేదు, ఒక మాట సాయం చేశాను.

ఆ రోజు రేపల్లె బస్టాండులో బాపట్ల బస్సు సిద్ధంగా ఉంది. నేను స్టేషనుకి వెళ్ళి తెనాలి రైలు పట్టుకోవాలి. ఆవిడ బస్సెక్కి కిటికీ పక్కన కూచున్నారు. నేను కింద నిలబడి ఉన్నాను, ఏ మాట కోసమో నాకే తెలీకుండా. బస్సు డ్రైవరు ఇంజను ఆన్ చేశాక ఆవిడ తల బయటికి పెట్టారు.

"ఆయన మిమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదండీ" అన్నారు.

అది నాకు ఓదార్పో కాదో తేల్చుకునేలోపే, "నేనైతే అనేదాన్ని" అన్నారు. బస్సు కదిలింది.